ముడుపు

ఆదివారం అయ్యగారు
ఐదు కరపత్రాలు చేతిలో పెట్టారు.
"ఈ వారం ఒక్కరికైనా చెప్పండమ్మా" అన్నారు.
నీలం సముద్రం, చిన్న పడవ,
పడవలో తలకింద చెయ్యి పెట్టుకొని ఆయన.
అన్నం క్యారేజీ కింద దాచుకున్నా.

సోమవారం.
కందుకూరు పొగాకు గోడౌనులో
గోనెపట్టాల మీద బారుగా ఆడోళ్ళం.
నిమ్మపండు రంగు ఆకు ఇటు,
మాడు రంగు అటు,
పచ్చి పోనిది వెనక్కి.
నా పక్కన మాలకొండమ్మ.
ఎనిమిదేళ్ళుగా నా పక్కనే.
ఆమెకు శనివారం కొండ,
నాకు ఆదివారం మందిరం,
మిగతా రోజులు ఇద్దరికీ ఒకటే దగ్గు.

"మాలకొండమ్మా" అన్నా.
"ఏందిమే?"
ఘాటు గొంతుకు అడ్డం పడింది.
"నీళ్ళ సీసా ఇట్టియ్యి" అన్నా.

మంగళవారం కూడా నీళ్ళే అడిగా.

బుధవారం రాత్రి మోకాళ్ళ మీద
నోటికొచ్చిన ప్రార్థన గడగడా చెప్పుకుంటా పోతుంటే
ఋణాలు అనే మాట దగ్గర
బండి చక్రం గుంటలో దిగినట్టు
ఆగిపోయా.

రెండేళ్ళ కిందట
మా చిన్నోడు ఏసోబును కట్లపాము కరిచిన రాత్రి.
డబ్బు చూపందే ఒంగోలుకు రానన్నాడు ఆటోవాడు.
గోడవతల తలుపు కొట్టా.
మాలకొండమ్మ పటం ఎనకమాల నుంచి
పసుపుగుడ్డ మూట తీసింది.
కూతురి కడుపు పండాలని
కొండాయనకు కట్టుకున్న ముడుపు.
ముడి రాకపోతే పళ్ళతో లాగింది.
రెండు వేల మూడొందలు.
"నువ్వు పో.
ఆయనకు నేను చెప్పుకుంటాలే" అంది.

ఏసోబు బతికాడు.
మందిరంలో నిలబడి సాక్ష్యం చెప్పా.
అందరూ చప్పట్లు కొట్టారు.
ముడుపు సంగతి చెప్పలా,
చెబితే ఎట్టుంటదోనని.
మాలకొండమ్మ కూతురు
ఇంకా గొడ్రాలి మాట పడతానే ఉంది.
ఆ ఉసురు నా మీద
ఏనాడూ వెయ్యలా మాలకొండమ్మ.

శుక్రవారం కూలి డబ్బులిచ్చారు.
దానికి చీటీ డబ్బు కలిపి
పాత చీర పీలికలో ముడేసి
ఆమె ఒళ్ళో పెట్టా.
ఎంచింది. ఆకు జిగురంటిన వేళ్ళతో
మళ్ళీ ఎంచింది.
"ఇప్పుడు గుర్తొచ్చిందేమే?"
"మా దేవుడు నిద్ర పోనీలా."

వారమంతా నేను చెప్పిన సువార్త
ఆ నాలుగు మాటలే.

పకపకా నవ్వింది.
"మంచోడే మీ దేవుడు,
బాకీలు వసూలు చేసి పెడతన్నాడు!"

ఆ డబ్బు రేపు కొండెక్కుద్దని తెలుసు.
హుండీలో పడుద్దని తెలుసు.
అయ్యగారికి తెలిస్తే ఏమంటారో తెలవదు.
అది ఆమెది.
అంతవరకే నాకర్థమైన వాక్యం.

ఆదివారం అడిగారు,
"ఎవరెవరు చెప్పారు?"
చేతులు లేచినై.
నా చెయ్యి భుజందాకా లేచి
కొంగు సర్దుకొని దిగింది.

సోమవారం మధ్యాహ్నం
కొండ మీది కొబ్బరి తను కొరుక్కుంటా
నా మూతలో వేయించిన శనక్కాయలు పోసింది.
నేను ప్రసాదం తిననని తెలుసు.
ఎనిమిదేళ్ళుగా అంతే, అడగదు,
వేరేగా తెస్తది.
క్యారేజీ విప్పుతుంటే
పులుసు మరకతో జారిపడింది కాగితం.
ఆమెకు చదువు రాదు.
బొమ్మ ఎండకు పెట్టి చూసింది.
"అలలు ఇంతెత్తున లేస్తా ఉంటే
ఎవరుమే ఈయన, నిద్రపోతన్నాడు?"
"ఆయనే."
"నీకు నిద్ర లేకుండా చేసి
తను పండుకున్నాడా?"

ఇద్దరం నవ్వాం,
దగ్గు తెర వచ్చిందాకా నవ్వాం.
"మరి పడవ ఏమైంది?"
నోరు తెరిచా.
మేస్త్రీ ఈల వేశాడు.

నిమ్మపండు రంగు ఇటు,
మాడు రంగు అటు.
కాగితం మడిచి
రవికలో దోపుకుంది మాలకొండమ్మ.
"రేపు చెబుదువులే" అంది.
"మునిగిందని మాత్రం చెప్పమాక."